మొక్కు పుంజు

గురువారం పొద్దున చుక్కల పెట్ట కనిపించకపోయేసరికి రాజమణి కొట్టమంతా వెతికింది. గడ్డిమోపుల వెనుక చూసింది, తవుడు డ్రమ్ము వెనుక చూసింది. ఆఖరికి నడుము పట్టుకుని వంగి బర్రెల గాడి కింద చూస్తే, ఆ తడి చీకట్లో ముడుచుకుని కూర్చుని ఉంది. చెయ్యి పెట్టి బయటికి తీసింది. పెట్ట వీపు మీద ఈక అన్నది లేదు. రెక్కల నడుమ అరచేతంత మేర చర్మం పచ్చి మాంసంలా ఎర్రగా ఉంది. పక్కన గోరు చీరిన గాటు, గాటు మీద ఈగలు.

దాన్ని ఒళ్లో పెట్టుకుని పసుపు, కొబ్బరినూనె కలిపి రాసింది. రాస్తుంటే పెట్ట కిక్కురుమనలేదు. కోడి అరిచిందంటే ఇంకా బాగున్నట్టే లెక్క. అరిచి లాభం లేదని ఈ పెట్టకు తెలిసిపోయింది.

ఆ పని చేసినవాడు అక్కడే, బోర్లించిన పాల క్యాను మీద నిలబడి కూస్తున్నాడు. ఎర్రటి పుంజు. మెడకు పసుపుతాడు. ఎండ తగిలితే తోక పచ్చగా, నల్లగా, రాగిరంగుగా మెరుస్తుంది. రాజమణి కాలి చెప్పు తీసింది. విసరబోయే చేతిని కొడుకు ఈశ్వరయ్య వెనుక నుంచి పట్టుకున్నాడు.

"అవ్వా, చెయ్యి దించు. అది మన పుంజు గాదు, మైసమ్మ పుంజు."

"మైసమ్మదైతె మైసమ్మ గుడికాడ ఉంచు. నా పెట్టల మీదికి ఎందుకిడిసినవ్?"

"ఇంట్ల పెంచి బోనాలకు ఇస్తనని మొక్కిన. మొక్కిన పుంజును కొట్టొద్దు, కట్టెయ్యొద్దు, గంప కింద మూయొద్దు. నాకు నేర్పిందే నువ్వు. మళ్ల నీకు నేను చెప్పాల్నా?"

అమ్మవారి పేరు మీద విడిచిన జీవం ఆమె చేతికి పోయేదాకా దాని ఇష్టం దానిదే. రాజమణికి ఆ మాట అత్త చెప్పింది, అత్తకు ఎవరు చెప్పారో. సైదాబాదులో ఆ గల్లీ బోనం ఏటా రాజమణి తల మీదనే మొదలవుతుంది. అంత నియమం గల మనిషి. అందుకే చెప్పు కింద వేసి కాలికి తొడుక్కుంది. కోపం మాత్రం చేతిలోనే ఉండిపోయింది.

మొక్కు బబ్లూ కోసం. మనుమడు కానిస్టేబుల్ పరీక్ష రాసి కూర్చున్నాడు. ఫలితం ఇంకా రాలేదు. ఆ నౌకరి రావాలని ఈశ్వరయ్య చలికాలంలోనే ఒక కోడిపిల్లను తెచ్చి, కొట్టంలో వేస్తే పిల్లి ఎత్తుకుపోతుందేమోనని బబ్లూ గదిలో అట్టపెట్టెలో పెట్టాడు. పాలన్నం పిసికి చేత్తో తినిపించాడు. ఫ్యాను కింద, పరుపు మీద తిరుగుతూ పెరిగింది. కాళ్లకు ముల్లు మొలిచాక దొడ్లోకి వదిలాడు. అప్పటినుంచి అచ్చోసిన ఆంబోతే. బర్రెల దాణాలో ముందు దాని మూతి. నీళ్ల తొట్టి గట్టు దానిది. పెట్టలేమో గాడి కిందా, గోడ మీదా.

రాజమణి పసుపు చేతులు కడుక్కుంటుంటే ఆ పక్కన స్రవంతి బర్రె పొదుగు కింద కూర్చుని పాలు పిండుతున్నది. బబ్లూ చెల్లెలు. నర్సింగు చదువు పూర్తి చేసింది. తల్లి పోయినప్పటినుంచి కొట్టం పని ఆ పిల్లదే. నిన్న సాయంత్రం ఆమె ఫోనుకు మెసేజ్ వచ్చింది. సర్కారు దవాఖానలో నర్సు నౌకరి, సోమవారం వచ్చి చేరాలని. రాత్రి ఇంటిల్లిపాదీ నిద్రపోయాక నాయినమ్మకు ఒక్కదానికే చెప్పింది. తండ్రికి చెప్పడానికి పొద్దున్నే, చేతులు పనిలో ఉన్నప్పుడైతే ధైర్యం ఉంటుందని ఆగింది.

"బాపూ, సోమవారం చేరాలె. చేరకపోతె నా ఎనుకున్నామెకు పోతది."

ఈశ్వరయ్య క్యాను మూత బిగిస్తూ తల ఎత్తలేదు. "పర్మనెంటా?"

"కాంట్రాక్టు. గని మెల్లగ..."

"కాంట్రాక్టుది ఇయ్యాల ఉంటది, రేపు ఊడ్తది. దానికోసం బర్రెల్ని ఎవల మీద ఇడిసిపెట్టి పోతవ్? నా నడుము సంగతి ఎరికేనా? బోనాలు కానియ్యి. అన్నకు రానియ్యి. అటెంక నేనే తోల్కపోయి చేర్పిస్త."

"అప్పటిదాంక ఆగరు బాపూ."

"ఆగకపోతె పోనియ్యి."

పాలధార ఆగింది. మళ్లీ మొదలైంది. రాజమణి మనుమరాలి వీపు వైపు చూసింది, కాళ్ల దగ్గర ముడుచుకున్న పెట్ట వీపు వైపు చూసింది, పళ్లు నూరుకుంది.

ఆ రోజంతా ఆమె దొడ్లో రాతి మీద కూర్చుని పుంజును చూసింది. పని లేక కాదు. పగవాడిని చూసినట్టు చూసింది. వీడు ఎందుకిట్లా తయారయ్యాడో తేల్చుకోవాలని.

పుంజులంటే ఆమెకు కొత్త కాదు. తెలియనివాళ్లు పుంజంటే కూతా, పొగరూ, పొడవడమూ అంతే అనుకుంటారు. పోయినేడు దాకా ఈ దొడ్లోనే బూడిదరంగు పుంజొకటి ఉండేది. ఎంత మర్యాదస్తుడో. గింజ దొరికితే గొంతులో వేసుకునేవాడు కాదు. ముక్కుతో ఎత్తి కింద వేసి, మళ్లీ ఎత్తి మళ్లీ వేసి, కుక్ కుక్ కుక్ అని సన్నగా పిలిచేవాడు. పెట్టలు ఉరికి వచ్చి తింటుంటే తాను పక్కన నిలబడి, మెడ ఒక వాటంగా వంచి, ఒక కన్ను ఆకాశానికి అప్పజెప్పేవాడు. గద్ద కనబడితే ఒక కూత, పిల్లి కనబడితే ఇంకో కూత. ఆ తేడా రాజమణికీ తెలుసు, పెట్టలకూ తెలుసు. ఒక కూతకు గాడి కిందికి దూరేవి, ఇంకో కూతకు గోడ ఎక్కేవి. పెట్ట మీద మనసైతే ఒక రెక్క నేలకు దించి, కాలితో ఆ ఈకలను గీరుకుంటూ, దాని చుట్టూ అరచుట్టు తిరిగేవాడు. పెట్ట వంగితే సరే. వంగకుండా నడిచి పోయిందనుకోండి, ఏమీ ఎరగనట్టు తిరిగి నేల గీరుకునేవాడు, అసలు వచ్చిందే ఆ పనికన్నట్టు.

ఈ ఎర్రోడికి అదేమీ లేదు. పిలుపు లేదు, రెక్క దించడం లేదు. వెనుక నుంచి ఉరుకుతాడు, మెడ ఈకలు నోట కరుస్తాడు, ఎక్కుతాడు. దిగాక మళ్లీ ఆ పెట్టే. ఉన్నవి నాలుగే పెట్టలు. అందులో నల్లది గుడ్ల మీద కూర్చుంది, గంప చాటున. మిగిలిన మూడింట్లో చుక్కలది మెత్తన. మెత్తనిది ఎక్కడుందో చూసుకుని దాని మీదికే పోతాడు.

గోడ అవతల నుంచి పక్కింటి నాగమణమ్మ మోచేతులు ఆనించి తొంగిచూసింది. ఆమెకూ పెట్టలున్నాయి, పుంజు లేదు.

"ఏం వదినా, పుంజుకు కాపలా కూసున్నవా?"

"సూస్తున్న. నా చుక్కలదాని ఈపు సూసినవా? తోలు ఊడబీకిండు."

"పుంజన్నంక ఎక్కదా, పొడవదా? పెట్టలే జర తప్పుకోని తిరగాలె."

"యాడికి తప్పుకుంటయ్? చుట్టూ బిల్డింగులు లేశినయ్. దొడ్డి చూస్తె గింతున్నది. ఆడు పొడుస్తనే ఉంటడు, ఇవి తప్పుకుంటనే ఉండాల్నా? ఆన్నెవలు ఏమనొద్దా?"

"అమ్మ పుంజునా? తప్పు గాదా? మాట ఎందుకొచ్చింది గని, మీ స్రవంతికి నౌకరి ఒచ్చిందట గదా. ఈశ్వరయ్య చెప్పిండు. ఆ పిల్ల దరఖాస్తు పెట్టినప్పుడే నేనన్న ఆయనతోని, ఒస్తె జర ఆగుమని. ఒక ఇంటికి ఒకటే అదృష్టముంటది వదినా. మొక్కు తీరకముందే ఆడిపిల్లది ముంగట పోతె మొగపిల్లగానిది ఎనుకవడ్తది. మా ఆడిబిడ్డోళ్ల ఇంట్ల గట్లనే అయింది."

రాజమణి రాతి మీద నుంచి లేచింది. "ఓహో. నువ్వా చెప్పింది?"

"మంచికే చెప్పిన."

"నీ మంచి మన్నుగాల. అమ్మ గుడి ముంగట నిలవడి ఎవలది ముందు, ఎవలది ఎనుక అని లైను పెడుతున్నదా? ఆమెకు గదే పనా? దేవుడిచ్చినా పూజారి ఇయ్యడన్నట్టు, ఆమె ఇచ్చింది, నువ్వు ఆపినవ్."

"నా మీద ఎగురుడెందుకు? నీ కొడుకుతోని చెప్పు," అని నాగమణమ్మ గోడ దిగిపోయింది.

రాజమణి మళ్లీ కూర్చుంది. కోపంలో కూడా ఆమె కన్ను పుంజును వదల్లేదు. నాగమణమ్మ తన పెట్టలకు చల్లిన జొన్నలు కొన్ని గోడ ఇవతల పడితే గోధుమరంగు పెట్ట ఒక గింజ ఏరుకోబోయింది. పుంజు ఉరికి దాన్ని తన్ని, అన్నీ తనే తిన్నది. తింటూ ఒకసారి తల ఎత్తి చుట్టూ చూసింది. ఆ చూపులో ఏ తప్పూ లేదు. చంటిపిల్లాడు పళ్లెం దగ్గరికి లాక్కున్నట్టుంది. అప్పుడు ఆమెకు తట్టింది. వీడికి తెలియదు. వీడిని అట్టపెట్టెలో పెంచారు. మామూలుగా పుంజుపిల్ల ముల్లు మొలవకముందే పెద్ద పెట్టల నడుమ పడుతుంది. ముందుకొస్తే పెట్ట ముక్కుతో నెత్తిన ఒకటి ఇస్తుంది. ఎక్కబోతే తిరగబడుతుంది. గింజ పిలిచి పెడితేగాని దగ్గరికి రానివ్వదు. అట్లా తన్నులు తిని తిని, పుంజు పుంజవుతుంది. వీడి నెత్తిన ఇంతవరకు ఒక్క ముక్కూ పడలేదు. చేతులు మాత్రమే పడ్డాయి, అవీ పాలన్నం పెట్టే చేతులు.

శుక్రవారం ఎర్రోడు ఒక కొత్త విద్య పట్టాడు. పిలవడం. ఎక్కడ విన్నాడో, పుట్టుకతోనే ఉంటుందో, గొంతు సన్నం చేసి కుక్ కుక్ కుక్ అన్నాడు. గోధుమ పెట్ట మెడ సాచింది. తెల్లది గోడ మీద నుంచి దూకింది. పాపం, ఆ పిలుపు విని ఎన్నాళ్లయిందో. ఉరికి వచ్చి చూస్తే వాడి కాళ్ల ముందు ఒక్క గింజ లేదు. ఎండిన పేడ పెళ్ల ఉంది. ఇవి తల వంచి వెతుకుతుండగానే వాడు తెల్లదాని మెడ పట్టుకున్నాడు. మధ్యాహ్నం మళ్లీ పిలిచాడు, మళ్లీ వచ్చాయి, మళ్లీ అంతే. సాయంత్రానికి పెట్టలకు తెలిసిపోయింది. వాడు గొంతు చించుకున్నా ఒక్కటీ తల తిప్పలేదు. ఈసారి నిజంగానే వాడి ముందు అన్నం మెతుకులున్నాయి. అయినా పోలేదు.

"సూసినవా బిడ్డా," అని రాజమణి పేడకళ్లు ఎత్తుతున్న మనుమరాలిని పిలిచింది. "కోడికి ఎంత బుద్ధున్నదో. రెండుసార్లు మోసపోతది. మూడోసారి పోదు."

స్రవంతి తట్ట కింద పెట్టి నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుంది. "నేను కోడికన్న అధ్వాన్నమే గదా నాయినమ్మా. అన్న పరీక్ష కానియ్యి, పంపిస్త అన్నడు బాపు. కానిచ్చిన. ప్రైవేటు దవాఖానకు పిలిస్తె, బర్రె ఈననియ్యి అన్నడు. ఈనింది. ఇప్పుడు బోనాలంటున్నడు."

"మరి గిప్పుడేమంటవ్?"

"ఏమన. నాతోని మాట్లాడించకు. పేడ ఎండుతది." తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ పిల్లకు ఏడుపు వస్తే పని వేగం పెరుగుతుంది. ఆ సాయంత్రం కొట్టం అద్దంలా అయింది.

శనివారం రాత్రి కోడికూర. వండింది స్రవంతి, కొన్నది బజారు కోడి. ఈశ్వరయ్య ముందు బబ్లూ కంచంలో వడ్డించమన్నాడు. కాలు ముక్క, గుండె, కందనకాయ అన్నీ అటే పోయాయి. "తిను, పరుగు పందెం మళ్ల పెడ్తరట, ఒంట్ల బలముండాలె." బబ్లూ ఫోను చూస్తూ తిన్నాడు. మంచివాడే. పెద్దగా మాట్లాడడు, తాగడు. పొద్దున మలక్‌పేటలో దోస్తులతో చాయ్, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం గ్రౌండు. రాజమణి తన కంచం పక్కకు జరిపింది.

"బబ్లూ, చెల్లెకు నౌకరొచ్చింది, ఎరికేనా?"

"ఎరికే. మంచిదే గదా."

"పోనిస్తలేరు."

"నేనేమన్న వద్దన్ననా నాయినమ్మా?"

"వద్దనలే. కంచం మీదికెల్లి లేవలే గూడ."

బబ్లూ ఫోను మీది నుంచి తల ఎత్తాడు. ఈశ్వరయ్య మధ్యలో అందుకున్నాడు. "అవ్వా, తినేకాడ లొల్లి పెట్టకు. ఆనికెందుకు చెప్తున్నవ్? ఆనికి టెన్షన్ పెడితె రిజల్టు మీద పడ్తది."

"రిజల్టు రాసినంక టెన్షను యాడ పడ్తదిరా?"

లోపల వంటింట్లో స్రవంతి గిన్నె అడుగున మిగిలిన పులుసులో అన్నం కలుపుకుంటున్న చప్పుడు వినిపించింది.

ఆదివారం నల్ల పెట్ట దిగింది. గుడ్లు పగిలి పిల్లలు బయటపడ్డాయి. తల్లి వాటిని వెంటేసుకుని గంప చాటు నుంచి దొడ్లోకి వచ్చింది. గుడ్ల మీద కూర్చుని కూర్చుని చిక్కిపోయింది, ముఖం పాలిపోయింది, సగం కోడి అయింది. రాజమణి నూకలు చల్లింది. తల్లి కుర్ కుర్ మంటూ పిల్లలకు ముక్కుతో చూపెడుతున్నది.

ఎర్రోడు క్యాను మీది నుంచి చూశాడు. నూకల మీదికి దూకాడు. ఒక పిల్ల వాడి కాలి కింద పడి కియ్యిమంది.

తరువాత జరిగింది రాజమణి జన్మలో మరువదు. ఆ చిక్కిపోయిన నల్ల పెట్ట ఒక్కసారిగా రెండింతలైంది. మెడ ఈకలన్నీ లేచి, రెక్కలు నేలకు పరిచి, ఎగిరి నేరుగా వాడి ముఖం మీద పడింది. వాడు వెనక్కి ఒక అడుగు వేశాడు. మళ్లీ పడింది. నెత్తి మీది ఎర్ర జుట్టు పట్టుకుని లాగింది. వాడు కాలి ముల్లు ఎత్తాడు గాని ఎవరి మీద ఎత్తాలో తెలియలేదు. ఇంతవరకు ఆ ముల్లు ముందు నిలబడినవాళ్లు లేరు మరి. గోడ దాకా తరిమింది. జుట్టు చిట్లి నెత్తురు కంటి మీదికి కారుతుంటే వాడు గోడ మూలకు ముఖం పెట్టి నిలబడ్డాడు, బడిలో దెబ్బలు తిన్న పిల్లాడిలా.

చప్పుడు విని ఈశ్వరయ్య బయటికి వచ్చాడు. నెత్తురు చూశాడు. చేతిలోకి కట్టె వచ్చేసింది.

"అమ్మ పుంజును నెత్తురు జేసింది. గాయమైన పుంజును అమ్మకెట్లియ్యాలె? గీ నల్లదాన్ని ఇయ్యాలనే కోస్త."

"పిల్లలున్నయిరా దానికి. ఇయ్యాలనే గుడ్లు పగిలిన పిల్లలు."

"ఉంటె ఏంది? పెట్ట పెట్ట తీర్గ ఉండాలె."

కట్టె లేచింది. రాజమణి నల్ల పెట్టకూ కట్టెకూ నడుమ నిలబడింది. ఎత్తు ఈశ్వరయ్య రొమ్ము దాకా వస్తుంది. "కొట్టు," అన్నది. "ముందుగాల్ల నన్ను కొట్టు. చుక్కలదాని తోలు ఊడినప్పుడు నీ కట్టె యాడుండె? అప్పుడు నెత్తురు రాలేదా? పుంజు నెత్తురుకే రంగుంటదా?"

ఈశ్వరయ్య కట్టె దించాడు. "నువ్వు గిట్లనే ఎగురు. బోనాల నాడు అమ్మకు జవాబు నువ్వే చెప్పు." లోపలికి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం రాజమణి మళ్లీ చూసింది. ఎర్రోడు మెల్లగా మూల వదిలి వచ్చాడు. నల్ల పెట్ట పిల్లలకు మేపుతున్నది. వాడు దగ్గరికి వచ్చి ఆగాడు. ఒక రెక్క కొంచెం దించాడు, సరిగా రాలేదు, కాలు తగిలి తూలాడు. పెట్ట తల ఎత్తింది. అంతే, వాడు పక్కకు తప్పుకుని, నూకలు వదిలేసి, అవతల నేల గీరడం మొదలుపెట్టాడు. ఒక్క పూటలో. చుక్కలదాని దగ్గరికి పోతే మళ్లీ పాత బుద్ధే. నల్లదాని దగ్గర మాత్రం వేరే పుంజు. ముసలామెకు వాడి మీద కోపం అక్కడికి పోయింది. ఉన్న కోపమంతా ఇంట్లోకి తిరిగింది.

పడుకునే ముందు ఆమె దేవుడి గూడు ముందు నిలబడింది. దీపం పెట్టింది, పసుపు పెట్టింది. "తల్లీ, రేపు నీ పుంజు మీద చెయ్యేస్త. తప్పయితె నా మీదికి రా. పిల్లల మీదికి రాకు," అన్నది. అన్నాక ఇంకోసారి దండం పెట్టుకుంది. భయం నిజమైనదే. నియమంతో బతికిన మనిషి నియమం తప్పడం మాటలు కాదు.

సోమవారం తెల్లవారుతుండగా, ఈశ్వరయ్య పళ్లు తోముకుంటుండగా, అతని కళ్ల ముందే, రాజమణి పుంజును పట్టుకుంది. చేతి కింద పెరిగిన పుంజు కదా, సులువుగా దొరికింది. గంప కింద పెట్టింది. గంప మీద పీట వేసింది. పీట మీద కూర్చుంది.

ఈశ్వరయ్య నోటి నురగ మింగాడు. "అవ్వా. లే."

"లేవ."

"పాపం చుట్టుకుంటది."

"చుట్టుకోనియ్యి. మోయడానికి ముసలిదాన్ని నేనున్న. రాత్రి ఆమెకు చెప్పిన. నీకు చెప్పేదుంటె ఇప్పుడు చెప్తున్న. ఇయ్యాలటి సంది ఎర్రోనికి మేత గంపలనే. ఆ నల్లదాని ఎంబడి ఇడుస్త, నేర్చుకున్నంక మిగిలినవాటి కాడికి. గియ్యాల కొట్టం బబ్లూది. స్రవంతీ, లే బిడ్డా, కాళ్లు కడుక్కో."

స్రవంతి అప్పుడే బర్రె దగ్గర కూర్చుంటున్నది. కదల్లేదు. తండ్రి వైపు చూసింది.

"ఆనికి పాలు పిండరాదు," అన్నాడు ఈశ్వరయ్య. "ఎన్నడు పిండిండు ఆడు? బర్రె తంతె కాలు ఇరుగుతది. మెడికల్ టెస్టుకు పిలిస్తె ఏం జెయ్యాలె? తే, బకీటు నాకియ్యి. నేనే పిండుకుంట." నడుము మీద చెయ్యి పెట్టుకునే వంగబోయాడు.

రాజమణి ఇంకా తిట్టడానికి గాలి పీల్చుకుంది. రాత్రంతా దాచిపెట్టుకున్న మాటలున్నాయి, చాలా ఉన్నాయి. ఒక్కటి కూడా బయటికి రాకముందే స్రవంతి లేచింది. తండ్రి చెయ్యి తగలకుండా బకెట్ తీసుకుంది. లొల్లికి నిద్రలేచి, కళ్లు నులుముకుంటూ కొట్టం గడపలో నిలబడ్డ అన్న దగ్గరికి నడిచి, బకెట్ అతని పొట్టకు ఆనించింది.

"ఇగో అన్నా. ఎడమపక్క కూసో. కుడిపక్క కూసుంటె తంతది. ముందు దుడ్డెను ఇడువు, అది కుడిస్తె బర్రె పాలు చేపుతది. గోళ్లు తగలనియ్యకు."

"నాకు రాదే..."

"నాకూ రాకుండె." గొంతు ఎత్తలేదు. "అమ్మ పోయిన పదోరోజు నేర్సుకున్న. నువ్వు గప్పుడు రూముల నిద్రపోతుంటివి."

బబ్లూ ముఖం నిద్ర వదిలింది. తండ్రి వైపు చూశాడు. బబ్లూ చేతులు లేచి బకెట్ పట్టుకున్నాయి. ఇష్టపడి కాదు, కోపంగానే. చెంపదెబ్బ తిన్నవాడి ఎరుపు చెవుల దాకా ఉంది.

స్రవంతి కాళ్లు కడుక్కుంది. లోపలికి పోయి తెల్ల చుడీదార్ వేసుకుని, తల దువ్వుకుని, భుజానికి సంచి తగిలించుకుని వచ్చింది. చేతులకు ఇంకా దాణా వాసన ఉందేమోనని ఒకసారి చూసుకుంది. పీట ముందు వంగి నాయినమ్మ పాదాలు ముట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగింది.

"బాపూ, పోయొస్త."

అడగడం కాదు అది. ఈశ్వరయ్యకు ఆ సంగతి తెలిసింది. బ్రష్షు చేతిలో అట్లాగే ఉంది. గేటు చప్పుడైంది. గల్లీ మలుపు దాకా చెప్పుల చప్పుడు వినిపించి ఆగిపోయింది.

కొట్టంలో ఏదో కూలినట్టయింది. బకెట్ దొర్లింది. బబ్లూ తిట్టాడు, బర్రెనో, బర్రె తల్లినో. ఈశ్వరయ్య అటు ఉరకబోయాడు.

"కూసో," అన్నది రాజమణి.

"తన్నిందే అవ్వా. దెబ్బ తగిలినట్టున్నది."

"తగలనియ్యి. కుడిపక్క కూసున్నడు. చెల్లె చెప్పింది ఇనలే. కూసో."

ఈశ్వరయ్య తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. తల్లీ కొడుకూ ఇద్దరూ కొట్టం వైపే చెవులు పెట్టారు. దుడ్డెను విప్పిన చప్పుడు, అది పొదుగును కుమ్ముతున్న చప్పుడు, బబ్లూ దాన్ని ఈడ్చలేక ఆయాసపడుతున్న చప్పుడు. తరువాత చాలాసేపు ఏమీ లేదు. పీట కింద గంపలో పుంజు ఒకసారి గుంజింది, ఊరుకుంది.

గేటు దగ్గర ఎదురు అపార్టుమెంటు విమలాదేవి గిన్నె పట్టుకుని నిలబడింది. ఈ వేళకు పాలు తీసుకుపోవడం ఆమె అలవాటు. గంప మీద పీట, పీట మీద ముసలామె, గట్టు మీద ఈశ్వరయ్య, అందరినీ ఒకసారి చూసింది.

"పాలు కాలేదా అమ్మా? స్రవంతి యాడ వోయింది?"

"నౌకరికి పోయింది," అన్నది రాజమణి.

లోపల ఖాళీ బకెట్ అడుగున సన్నటి ధార ఒకటి పడింది. ఆగింది. ఇంకొకటి పడింది, వంకరగా, సగం నేల మీద.

"జర ఆగున్రి. ఇయ్యాల కొత్తోడు పిండుతున్నడు."